పెన్న తీరాన చేతిపని చదువులు

నెల్లూరు సీమలో బడి అనేది చాలాకాలం ఊరి సొంత ఏర్పాటుగానే సాగింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని ప్రతి జిల్లా నుంచి బడుల లెక్క తెప్పించాడు. కలెక్టర్లు పంపిన జాబితాలను కూడితే మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు తేలారు. నెల్లూరు జిల్లా వాటా 804 బడులు. వీటిలో సర్కారు కట్టించినవి లేవు. అరుగు మీదో, గుడి మంటపంలోనో, చెట్టు నీడనో సాగిన వీధి బడులివి. అయ్యవారికి జీతం పిల్లల ఇళ్ల నుంచి వచ్చేది, అదీ కొంత రొక్కంగా, కొంత ధాన్యంగా, పండగనాడు బట్టగా. పంట చేతికొచ్చే నెలల్లో పిల్లలు కయ్యల్లోకి పోయేవారు, బడి దానికి తగ్గట్టు సర్దుకునేది. ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు, వడ్డీ లెక్కలు, కొలతలు, తాటాకు మీద రాత, శతక పద్యాలు: పల్లెలో బతకడానికి కావలసినంత చదువు అక్కడ దొరికేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఆ పద్ధతిని ఇంగ్లండులో మద్రాసు పద్ధతి పేరుతో పేదల బడుల్లో వాడారు.

ఆ బడులను బంగారు కాలపు బడులుగా చెప్పుకోవడం సరికాదు. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు, యానాదుల పిల్లలకు ఆ అరుగు దాదాపు అందలేదు. ఆడపిల్లల లెక్క ఆ జాబితాల్లో లేనట్టే ఉంది. అయినా ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక బడులు తగ్గిపోవడానికి కారణం జనం పేదలైపోవడమేనని తేల్చింది. విలాయతి నూలుబట్ట వచ్చి చేనేత కుటుంబాల పని పోయింది, పల్లె సంపద బయటికి పోయింది, ఇంట్లో గింజ లేనప్పుడు అయ్యవారికి కొలిచేదెక్కడి నుంచి? ఊరి చేతిపని చెడితే ఊరి బడి చెడుతుందని గాంధీ కంటే వందేళ్ల ముందే ఒక ఇంగ్లీషు కలెక్టరు రాసి పెట్టాడన్నమాట.

1854 తర్వాత గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. గ్రాంటుతో పాటు ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఇన్‌స్పెక్టరుతో పాటు పాఠ్యపుస్తకం, పరీక్ష వచ్చాయి. చదువు కచేరీ గుమాస్తా ఉద్యోగం వైపు తిరిగింది. అదే కాలంలో తీరం బతుకు కూడా మారింది. 1855లో నెల్లూరు దగ్గర, 1886లో సంగం దగ్గర పెన్నకు ఆనకట్టలు కట్టారు. డెల్టా కాలువల కింద వరి విస్తరించింది, మొలకొలుకులు బియ్యానికి పేరొచ్చింది. 1876-78 కరువు పనులతో బకింగ్‌హాం కాలువ తీరం వెంబడి అతుకు లేకుండా సాగి, పడవల మీద ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసుకు పోసాగాయి. ఉప్పు మీద మాత్రం 1805 నుంచీ సర్కారు గుత్తాధికారం. సముద్రం ఒడ్డున చవుడు నేలలో తనంతట తానే పేరుకున్న ఉప్పును గోకి ఇంటికి తెచ్చుకున్నా నేరమే. కొత్త బడిలో చదివిన కుర్రవాడికి ఇంగ్లీషు చరిత్ర తెలిసేది. తన ఊరి ఉప్పుమడి ఎవరి చేతిలో ఉందో, పక్కనే కోవూరు దగ్గర పాటూరులో నేసే చీర ఎందుకు అమ్ముడుపోవడం లేదో ఆ పుస్తకాల్లో ఉండేది కాదు.

ఈ లోటు మీదనే జాతీయ విద్యోద్యమం పుట్టింది. బెంగాల్ విభజన తర్వాత 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి స్వదేశీని, జాతీయ విద్యను ప్రచారం చేశాడు. దాని ఫలితంగా బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. వడ్రంగం, నేత, అద్దకం, చిత్రలేఖనం అక్కడ గణితంతో, సాహిత్యంతో సమానమైన పాఠాలు. సర్కారు గ్రాంటు పుచ్చుకోకపోవడం దాని నియమం. తీరాంధ్రలో తర్వాత వచ్చిన బడులన్నీ ఈ నియమంతో ఏదో ఒక విధంగా తలపడ్డాయి. గ్రాంటు తీసుకుంటే ఏం చెప్పాలో సర్కారు చెబుతుంది. తీసుకోకపోతే పూటపూటకూ జోలె పట్టాలి.

నెల్లూరు జిల్లాలో ఈ భారాన్ని ఎత్తుకున్నవారిలో పొణకా కనకమ్మది మొదటి పేరు. 1892లో మినగల్లులో పుట్టి, చిన్నతనంలోనే పెళ్లయి పొట్లపూడికి కోడలుగా వచ్చింది. బడిలో చదివింది లేదు. తెలుగు, సంస్కృతం, తరువాత హిందీ ఇంట్లోనే నేర్చుకుంది, కవిత్వం రాసింది. గాంధీ ఆ జిల్లాకు రాకముందే పొట్లపూడిలో సుజన రంజని సమాజాన్ని, వివేకానంద గ్రంథాలయాన్ని నడిపింది. భూస్వాముల ఇంటి కోడలు వీధి గడప దాటడమే వింతగా చూసే రోజుల్లో దళితవాడకు పోయి పని చేసింది. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఆమె పోయిన చాలా ఏళ్లకు, 2011లో అచ్చయింది. ఈ తీరం జాతీయ విద్య చరిత్రకు అంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

1920 డిసెంబరులో నాగపూరు కాంగ్రెసు సహాయ నిరాకరణను ఖాయం చేసింది. సర్కారు బడులను వదలండి, జాతీయ బడులు పెట్టండి అని పిలుపు. 1921 మార్చి 31న విజయవాడలో కలిసిన అఖిల భారత కాంగ్రెసు సంఘం ఆ పిలుపునకు లెక్కలు కట్టింది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు, గడువు జూన్ 30. ఆ సభ ముగించుకుని దక్షిణానికి వచ్చిన గాంధీ 1921 ఏప్రిల్ 7న నెల్లూరికి తూర్పున, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. పినాకిని పెన్నకు మరో పేరు.

ఆశ్రమం ఆలోచన దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యలది. ఇద్దరూ సబర్మతిలో గాంధీ దగ్గర ఉండి వచ్చినవారు. స్థలం కనకమ్మ ఇచ్చింది. భవనానికి దక్షిణాఫ్రికా నుంచి పార్శీ రుస్తుంజీ పదివేల రూపాయలు పంపాడు. డర్బనులో వ్యాపారం చేసుకునే ఈ రుస్తుంజీ అక్కడి సత్యాగ్రహాల్లో గాంధీ పక్కన నిలబడి జైలుకు పోయినవాడు. ఆయన సొమ్ము ఇంత దూరం రావడం ఆశ్రమం వంశవృక్షాన్ని చూపిస్తుంది. గాంధీ ఆశ్రమాల వరుస ఇది: 1904లో ఫీనిక్స్, 1910లో టాల్‌స్టాయ్ ఫారం, 1915లో కోచ్రబ్, 1917లో సబర్మతి, 1921లో పల్లిపాడు. టాల్‌స్టాయ్ ఫారంలో సత్యాగ్రహుల పిల్లలకు గాంధీ స్వయంగా పాఠం చెప్పాడు. గాంధీ సహచరుడు కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠానికి పోయి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చి మిగిలినవారికి నేర్పాడు. పూట సగం ఒళ్లు వంచి పని, సగం చదువు. ఆ పద్ధతే ఇసుక తిన్నెలూ తాటితోపులూ ఉన్న ఈ తీరానికి చేరింది. దక్షిణ సబర్మతి అన్న పేరు అందుకే వచ్చింది.

పల్లిపాడును పాఠశాల అనాలా, ఆశ్రమం అనాలా అన్న సందేహం రావచ్చు. అక్కడ నేర్చుకునేవారికీ నేర్పేవారికీ మధ్య గీత గట్టిగా లేదు, వయసు కట్టుబాటూ లేదు. పదకొండు వ్రతాల్లో శరీరశ్రమ ఒకటి, స్వదేశీ ఒకటి, అస్పృశ్యతను వదలడం ఒకటి. వీటిని అప్పజెప్పించి మార్కులు వేయడం కుదరదు కాబట్టి రోజువారీ పనుల్లో పెట్టారు. వంట వంతుల వారీగా, మరుగుదొడ్లు శుభ్రం చేయడమూ వంతుల వారీగానే అన్నది సబర్మతి నియమం. పాకీపని ఒక కులానికి రాసిపెట్టిన సమాజంలో ఈ ఒక్క పని పుస్తకంలోని పది పాఠాల కంటే ఎక్కువ చెబుతుంది. హిందీ తరగతులు, మద్యపాన వ్యతిరేక ప్రచారం, దళితవాడల్లో సేవ ఆశ్రమం బయటి పనులు. లోపలి పనికి మధ్యలో ఉన్నది రాట్నం.

నూలు వడకడం తేలిక పనిగా కనిపిస్తుంది కానీ, దాని వెనక ఒక పాఠక్రమమే ఉంది. పత్తిలో గింజ తీయాలి, దూదిని విల్లుతో ఏకాలి, ఏకిన దూదిని చుట్టి ఏకులు చేయాలి. ఏకు సరిగ్గా లేకపోతే ఎంత చేయి తిరిగినవాడికైనా దారం తెగుతుంది. కదురు తిరిగే వేగం, దారం లాగే చేయి వేగం జత కుదరాలి. వడికిన నూలును ఆసు మీద చుట్టి చిలపలు కట్టాలి, పొడవు కొలవాలి, తూచాలి, నూలు నంబరు లెక్కగట్టాలి. ఇక్కడే గణితం వస్తుంది. నంబరు ఎక్కువైతే దారం సన్నం, తక్కువైతే ముతక. ఆ తరువాత పడుగు సాగదీయడం, గంజి పెట్టడం, గుంటమగ్గం మీద పేక వేయడం. మిల్లు దారానికి అలవాటు పడిన సాలెవాళ్లు చేతి నూలును మొదట్లో దగ్గరికి రానిచ్చేవారు కారు. ఎగుడుదిగుడు దారం మగ్గం మీద మాటిమాటికీ తెగి రోజు కూలి పోతుందని వాళ్ల బాధ, అందులో న్యాయముంది. అందుచేత బాగా వడకడం నేర్పడం దేశభక్తి కిందికే కాక, పొరుగు ఊరి నేతగాడి కడుపు నిండే విషయం కిందికీ వచ్చింది. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం సభ్యత్వానికి డబ్బు బదులు నెలకు 1,000 గజాల సొంత నూలు అడిగింది. చందా కట్టాలంటే వడకడం రావాలి.

నెల్లూరు పట్టణంలో 1923లో కనకమ్మ పెట్టిన కస్తూరిదేవి విద్యాలయం ఇదే చదువును ఆడపిల్లల దగ్గరికి తెచ్చింది. కస్తూర్బా పేరు పెట్టుకున్న ఆ బడి సర్కారు సాయం అడగకుండా, అభిమానుల విరాళాలతో నడిచింది. రాట్నం, కుట్టుపని, హిందీ, తెలుగు అక్కడి పాఠాలు. ఇంతకు ఏడాది ముందే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ శారదా నికేతనం ఆరంభించారు. రెండు చోట్లా ఉద్దేశం దగ్గర దగ్గరగా ఒకటే. చిన్నప్పుడే విధవలైన అమ్మాయిలు, అత్తింటి ఆదరణ లేనివారు తమ చేతిపని మీద తాము నిలబడాలి. జాతీయోద్యమంలో స్వావలంబన అన్న మాట తరచు దేశానికి వర్తించింది. ఈ బడుల్లో అది ఒక అమ్మాయి తిండికీ బట్టకూ వర్తించింది. ఆ దృష్టితో చూస్తే పల్లిపాడు కంటే కస్తూరిదేవి విద్యాలయమే కష్టమైన పనికి పూనుకుంది. 1929 మేలో ఖద్దరు నిధి కోసం ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆ ప్రయాణంలోనే పల్లిపాడు ఆశ్రమంలో మళ్లీ బస చేశాడు.

ఆ మరుసటి ఏడు ఈ చదువుకు పరీక్ష వచ్చింది. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీ ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించాడు. తీరం పొడవునా ఉప్పుమడులున్న నెల్లూరు జిల్లాకు అంతకంటే సొంత విషయం మరొకటి లేదు. పల్లిపాడు జిల్లా సత్యాగ్రహులకు కేంద్రమైంది. కనకమ్మ 1930లో ఒకసారి, 1932లో మరోసారి జైలుకు పోయింది. విరాళాల మీద, కొద్దిమంది పెద్దల మీద నడిచే బడుల బలహీనత అప్పుడు తేటతెల్లమైంది. నడిపేవారు జైల్లో ఉంటే పాఠం ఎవరు చెప్పాలి, చందాలు ఎవరు వసూలు చేయాలి? సర్కారు గ్రాంటు లేని బడికి స్వేచ్ఛ ఉంటుంది, కానీ దాన్ని ఊరంతా సొంతం చేసుకోకపోతే అది రెండు మూడు కుటుంబాల త్యాగం మీద నిలిచే పందిరి అవుతుంది. వీధి బడికి ప్రతి ఇంటి గింజా చేరేది. ఆశ్రమానికి భూస్వామి పొలం, డర్బను వర్తకుడి పదివేలు చేరాయి. ఈ తేడా చిన్నది కాదు.

ఇదే జిల్లాలో అదే రోజుల్లో చేతిపని నేర్పే బడులు ఇంకో రకం ఉన్నాయి, వాటిని వదిలేస్తే చరిత్ర సగమే. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను, కొన్నిచోట్ల యానాదులను పుట్టు నేరస్థులుగా రాసి, సెటిల్‌మెంట్లలో పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ బాడెన్ నడిపిన ఎరుకల సెటిల్‌మెంటు, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటు అలాంటివి. సేద్యం, రాయి కొట్టడం, చేతిపనులు అక్కడా నేర్పారు, పిల్లలకు బడీ ఉంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ఆ చట్టమే సర్కారుకు ఇచ్చింది. అనుమతి చీటీ లేకుండా హద్దు దాటితే శిక్ష. పాఠ్యాంశాల జాబితా మాత్రమే చూస్తే పల్లిపాడుకూ కప్పరాళ్లతిప్పకూ పోలికలు కనిపిస్తాయి. ఒకచోట మనిషి తన ఇష్టంతో రాట్నం ముందు కూర్చున్నాడు, ఇంకోచోట హాజరు పట్టీకి భయపడి గడ్డపార పట్టాడు.

యానాదులకు స్వావలంబన నేర్పడమనే మాటే ఒక అన్యాయం. పులికాట్ నుంచి పెన్న ముఖద్వారం దాకా వాగుల్లో, ఉప్పుకయ్యల్లో చేపను, పీతను పట్టే నేర్పు వారిది. వరికయ్యలో ఎలుక కలుగు జాడ పట్టి పంటను కాపాడేది వాళ్లే. అడవి మూలికలు, పాముకాటు మందులు, తేనె పట్టు వాళ్లకు తెలిసినంత ఈ సీమలో ఎవరికీ తెలియదు. కానీ వాళ్లకు భూమి లేదు, అప్పు పేరుతో రైతు ఇంట్లో పాలేరుతనం, దానిమీద పోలీసు నిఘా. నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితంలో పెద్ద భాగం వీరి సంఘాలకు, పిల్లల చదువుకు, ఆ చట్టం రద్దుకు పెట్టాడు. మద్రాసు రాజధానిలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. యానాదుల జీవితం మీద ఆయన రాసిన పుస్తకం 1962లో వెలువడింది. చేతిపనిని పూజించిన జాతీయ బడులు యానాది చేతిపనిని పాఠంగా తీసుకోలేదు. రాట్నానికి దక్కిన గౌరవం వలకూ బుట్టకూ దక్కలేదు. ఈ తీరం జాతీయ విద్యలో మిగిలిపోయిన పెద్ద వెలితి ఇదే.

1930ల్లో ఈ ఆలోచన మరో దారి కూడా పట్టింది. పెన్నకు ఉత్తరాన, విడవలూరు దగ్గర అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసులో కాలేజీ చదువు వదిలి సత్యాగ్రహంలోకి వచ్చాడు. జైలు నుంచి తిరిగొచ్చి తన ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. రాత్రి బడి, గ్రంథాలయం, సరుకులు చవకగా అమ్మే దుకాణం అక్కడి పనులు. పల్లిపాడులో వ్రతంగా ఉన్నది అలగానిపాడులో కూలి రేటు లెక్కగా మారింది. కూలి కొలతలో మోసం పట్టుకోవడానికి లెక్కలు కావాలి, ప్రోనోటు చదవడానికి అక్షరాలు కావాలి. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి తరువాతి కాలంలో నెల్లూరు ప్రజావైద్యశాలలో పల్లెల యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకే పంపాడు. స్వావలంబన చదువుల్లో దీన్ని కూడా చేర్చాలి.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు గాంధీ ప్రయోగాలన్నిటినీ ఒక దేశవ్యాప్త పథకంగా మార్చింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ మిగతా పాఠాలు, వీలైనంతవరకు ఆ వృత్తి ఫలంతోనే బడి ఖర్చు. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రాసింది. నయీ తాలీం అని పేరొచ్చిన ఈ పద్ధతిలో మెట్ట చేను, కొబ్బరి పీచు, చేపల వల దేనినైనా పాఠంగా చేయవచ్చు, తీర గ్రామాలకు ఇది బాగా కుదిరే ఏర్పాటు. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు బేసిక్ స్కూళ్లు తెరిచింది, చాలాచోట్ల ఉన్న బడికే పేరు మార్చింది. ఆచరణలో రాట్నం ఒక పీరియడుకు కుదించుకుపోయింది. వడికిన నూలు మూలన పడింది. తల్లిదండ్రులు కూడా ఈ చదువును నమ్మలేదు. దొరల పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు మగ్గమా అని దళితవాడలు అడిగిన ప్రశ్నకు నయీ తాలీం వారి దగ్గర జవాబు లేదు. ఉన్న ఇంటి పిల్లవాడూ లేని ఇంటి పిల్లవాడూ ఒకే మగ్గం దగ్గర కూర్చుంటేనే ఆ చదువుకు అర్థం. అలా జరిగింది చాలా అరుదు.

నెల్లూరు జిల్లాలో ఊరి చదువు మళ్లీ ప్రాణం పోసుకున్నది 1990-91లో, అదీ బడి గోడల బయట. కేరళలోని ఎర్నాకుళం 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా పేరు తెచ్చుకున్నాక, జాతీయ అక్షరాస్యతా మిషన్ కింద నెల్లూరులోనూ అక్షరోద్యమం మొదలైంది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు కలిసి పనిచేశారు. జీతం లేని యువతీ యువకులు పొద్దుగూకాక లాంతరు వెలుగులో కూలి తల్లులకు అక్షరాలు నేర్పారు. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వాచకంలో కూలి, నీళ్లు, అప్పు, మొగుడి తాగుడు పాఠాలయ్యాయి. ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించిన కథ వాటిలో ఒకటి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పని నిజంగానే చేశారు. వారిని ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఆ ఊరి పేరుతో కలిసిపోయింది. 1992లో ఉద్యమం తీర మండలాలకు, జిల్లా అంతటికీ, ఆపై రాష్ట్రానికి పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్లకే అది సడలింది.

ఆ అక్షరోద్యమం సర్కారు మొదలుపెట్టినదే. సర్కారుకు సారా మీద ఆదాయం కూడా ఉంది. ఒక చేత్తో వాచకం, మరో చేత్తో వేలంపాట. చదివిన ఆడవాళ్లు ఈ రెంటినీ ఒక్కచోట చేర్చి చూశారు, అక్కడ చదువు సర్కారు చేయి దాటి ఊరిదైంది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలగానే రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు జిల్లాలో లేచాయి. సంఘం పుస్తకం రాయడం, వడ్డీ కట్టడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం అక్కడి పాఠాలు. తర్వాత రాష్ట్రమంతా అల్లుకున్న మహిళా పొదుపు సంఘాలకు నెల్లూరు అనుభవం పెద్ద ఆధారమైంది. పల్లిపాడు ఆశ్రమం డెబ్బై ఏళ్ల ముందు మద్యపానం మీద చెప్పిన మాటను, ఆశ్రమం ముఖం చూడని కూలి తల్లులు చేసి చూపారు. తేడా ఒక్కటే: ఈసారి బడి ఖర్చులో ఎక్కువ భాగం నేర్చుకున్నవారి శ్రమే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే తీరాన రొయ్యల చెరువుల జోరు మొదలైంది. వరికయ్యలు, కాలువ గట్లు, చవిటి నేలలు చెరువులుగా మారాయి. బావి నీళ్లు ఉప్పెక్కాయి, జాలర్లకు సముద్రపు దారి మూసుకుపోయింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు అప్పులు మిగిలాయి. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషను మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో అలాంటి చెరువులను తొలగించాలని తీర్పిచ్చింది. గాంధీ నేర్పిన పాఠం ఆశ్రమం నుంచి కాక న్యాయస్థానం నుంచి ఈ తీరానికి తిరిగి వచ్చింది. తరువాత చట్టం మారి రొయ్యల సాగు కొత్త జాతులతో మళ్లీ పుంజుకుంది. తన నేల ఉప్పెక్కడానికీ తన ఇంటి ఆదాయానికీ ఉన్న లంకెను తీరంలో పుట్టిన పిల్లవాడికి పాఠంగా చెప్పవలసిన అవసరం 1921లో కంటే ఇప్పుడే ఎక్కువ.

తెలుగు నేల మీద అలాంటి చదువు వేరేచోట్ల నిలబడింది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల బడి పచ్చసాలె పిల్లలకు పాఠాలతో పాటు సేద్యం, కుమ్మరం, వడ్రంగం, కుట్టుపని, మూలికా వైద్యం నేర్పింది. అనంతపురం మెట్టలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ బీడు నేలలో అడవిని పెంచుతూ, పిల్లల బడిని ఆ పని పక్కనే పెట్టింది. రెండుచోట్లా బడికి వెనక సాగు చేసుకునే సంఘం ఉంది. బడి ఒంటరిగా లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు బ్యాగు లేకుండా పది రోజులు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలని సూచించింది.

పల్లిపాడు ఆశ్రమం మధ్యలో చాలాకాలం పాడుబడి, 2000 తరువాత నెల్లూరు రెడ్‌క్రాస్ శాఖ చేతుల్లో బాగుపడింది. గాంధీ జయంతికి, వర్ధంతికి జనం అక్కడికి వస్తారు. కస్తూరిదేవి విద్యాలయం జాతీయ పాఠశాలగా మొదలై, గుర్తింపు పొందిన బాలికల పాఠశాలగా నెల్లూరులో కొనసాగుతోంది. 1986 విద్యావిధానం తరువాత ఏర్పడిన జిల్లా విద్యాశిక్షణ సంస్థ కూడా పల్లిపాడులోనే ఉంది. జిల్లాలో ప్రాథమిక పాఠశాలలకు పోయే ఉపాధ్యాయులు అక్కడ శిక్షణ పొందుతున్నారు.